మెడిసిన్‌లో రెండు సీట్లు, కొత్త ఫెడరల్ రుణ పరిమితి: ఎలా నిర్ణయించుకోవాలి?

సుధారాణి · ఏప్రిల్ 9, 2026

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఈ ఏడాది అమెరికాలో రెండు మెడికల్ స్కూళ్ళలో సీటు వచ్చింది. ఒకటి మేముంటున్న రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం, రెండోది వేరే రాష్ట్రంలోని పేరున్న ప్రైవేటు స్కూలు. ఎక్కడ చేరదలచుకున్నదీ ఏప్రిల్ 30 లోగా చెప్పాలి. సీటు వచ్చిన సంతోషం తీరకముందే రెండు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుల నుంచీ కాగితాలు వచ్చాయి. నాలుగు రోజులుగా ఆ రెండింటినీ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాం.

ప్రైవేటు స్కూలు కాగితంలో ట్యూషన్, ఇంటి అద్దె, తిండి, ఆరోగ్య బీమా అన్నీ కలిపి ఏడాదికి 98,000 డాలర్లు వేసి, అందులో 12,000 గ్రాంటుగా ఇస్తామన్నారు. ప్రభుత్వ స్కూలులో అవే ఖర్చులు 66,000, గ్రాంటు లేదు. అమ్మాయి పేరున మేము ఇన్నేళ్ళుగా కూడబెట్టింది 70,000 డాలర్లు. రెండు కాగితాల్లోనూ ఫెడరల్ రుణం అన్న వరుసలో 50,000 అనే ఉంది. ప్రైవేటు స్కూలువాళ్ళు దాని కింద "మిగిలిన మొత్తం 36,000" అని రాసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేశారు. మూడేళ్ళ క్రితం మెడిసిన్‌లో చేరిన మా బంధువుల అబ్బాయికి ఇలాంటి ఖాళీ రాలేదు. ఖర్చు ఎంతైతే అంతా ఫెడరల్ ప్రభుత్వమే అప్పిచ్చిందని వాళ్ళు చెబుతున్నారు. ఆ ఖాళీని ఎలా పూడ్చాలో, అసలు పూడ్చే ప్రయత్నం చేయాలో వద్దో తెలిసినవారు చెప్పగలరు. అమ్మాయి అమెరికా పౌరురాలు. పిల్లల వైద్యం గాని, ఫ్యామిలీ మెడిసిన్ గాని చేయాలని ఆమె కోరిక.

మోహన్ కుమార్ · ఏప్రిల్ 9

సుధారాణి గారూ, మీ అమ్మాయికి అభినందనలు. మీ బంధువులు చెప్పింది నిజమే, అయితే అది పాత పద్ధతి. 2006 నుంచి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం ఉండేది. స్కూలు లెక్కగట్టిన మొత్తం ఖర్చులోంచి ఇతర సహాయం పోగా మిగిలినదంతా ఆ రుణంగా తీసుకునే వీలుండేది. 2025 జూలై 4న సంతకమైన 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' చట్టం 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవారికి దానిని తీసేసింది. ఇకపై మెడిసిన్ వంటి వృత్తి విద్యలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి గరిష్ఠంగా 50,000, మొత్తం మీద 2 లక్షల డాలర్లు మాత్రమే. మీ అమ్మాయిది ఈ నిబంధన కింద చేరే మొట్టమొదటి బ్యాచి. ఆ ఖాళీ వరుస మీ కాగితంలో కనిపించడానికి కారణం అదే.

పేరెంట్ ప్లస్ రుణం తీసుకుని పూడ్చవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. అది బ్యాచిలర్స్ చదివే పిల్లల తల్లిదండ్రులకు మాత్రమే ఇస్తారు, మెడిసిన్‌కు వర్తించదు.

ఇక లెక్క చూద్దాం. ఫెడరల్ రుణం పోగా ప్రభుత్వ స్కూలులో ఏడాదికి 16,000 లోటు ఉంటుంది, నాలుగేళ్ళకు 64,000. అది మీ పొదుపులో సరిపోతుంది. ప్రైవేటు స్కూలులో ఏడాదికి 36,000, నాలుగేళ్ళకు 1,44,000. మీ 70,000 పోగా 74,000 డాలర్లు ప్రైవేటు రుణం తీసుకోవలసి వస్తుంది. ఫీజులు ఏటా కొంత పెరుగుతాయి కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే అవుతుంది. అంటే రెండు స్కూళ్ళలోనూ ఫెడరల్ అప్పు ఒక్కటే. మీరు తేల్చుకోవలసింది ఆ 74,000 సంగతి.

వంశీధర్ · ఏప్రిల్ 10

నా అభిప్రాయం వేరు. డాక్టరు జీతం ముందు 74,000 డాలర్లు ఏపాటి? పేరున్న స్కూలు నుంచి వస్తే మంచి రెసిడెన్సీ, అంటే పట్టా తర్వాత ఆసుపత్రిలో జీతంతో చేసే శిక్షణ, దొరికే అవకాశాలు మెరుగుపడతాయి. పరిశోధనకు, పెద్ద ప్రొఫెసర్ల సిఫారసు లేఖలకు కూడా ఆ పేరు పనికి వస్తుంది. స్పెషాలిటీ మనసు మార్చుకోని విద్యార్థులను నేను చాలా తక్కువగా చూశాను. ఈ రోజు పిల్లల వైద్యం అన్న అమ్మాయి మూడో ఏడాదిలో న్యూరోసర్జరీ అనవచ్చు. అప్పుడు ఆ పేరు అక్కరకు వస్తుంది. జీతం పెరిగాక ఫెడరల్ నెల వాయిదాకు ఎలాగూ గరిష్ఠ పరిమితి ఉంటుంది కాబట్టి భయపడనక్కరలేదు.

మోహన్ కుమార్ · ఏప్రిల్ 10

వంశీధర్ గారూ, చివరి మాట ఒక్కటి సరిచేయాలి. ఆ పరిమితి పాత పద్ధతుల్లో ఉండేది. 2026 జూలై తర్వాత అప్పు తీసుకునేవారికి ఆదాయాన్ని బట్టి కట్టే పద్ధతి ఒక్కటే మిగులుతుంది, దాని పేరు రిపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్. అందులో ఆదాయం లక్ష డాలర్లు దాటితే మొత్తం ఆదాయంలో 10 శాతం కట్టాలి, పై పరిమితి లేదు. లక్ష లోపు వారికి శాతం మెట్లుమెట్లుగా తగ్గుతుంది: 60,000 నుంచి 70,000 మధ్య 6 శాతం, 50,000 నుంచి 60,000 మధ్య 5 శాతం, అలా కిందికి. ఆదాయం ఎంత తక్కువగా ఉన్నా నెలకు 10 డాలర్లు కట్టాల్సిందే.

హరిణి, ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెంట్ · ఏప్రిల్ 10

రెసిడెన్సీ రెండో ఏడాది చివరికి వచ్చాను కాబట్టి, అప్పు నెత్తిన పెట్టుకుని పని చేయడం ఎలా ఉంటుందో చెప్పగలను. ఫెడరల్ ప్రభుత్వం గ్రాడ్యుయేట్, వృత్తి విద్యార్థులకు వడ్డీ రాయితీ రుణాలను 2012 జూలైలోనే ఆపేసింది. అందువల్ల డబ్బు చేతికి వచ్చిన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. మనం అనాటమీ లాబులో ఉన్నా, రాత్రి డ్యూటీలో ఉన్నా అది నడుస్తూనే ఉంటుంది. 2025-26లో ఆ వడ్డీ 7.94 శాతం. ఏటా 50,000 చొప్పున నాలుగేళ్ళు తీసుకుంటే, పట్టా చేతికి వచ్చేనాటికి వడ్డీయే సుమారు 39,000 డాలర్లు పేరుకుంటుంది. ఆ తర్వాత 2 లక్షల అసలు మీద రోజుకు సుమారు 43 డాలర్ల వడ్డీ పడుతుంది. నేను ఉదయం ఆసుపత్రికి వెళ్ళే ముందు ఫోనులో ఆ అంకె చూసుకునే అలవాటు మానుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

నా అనుభవంలో మరో విషయం ఉంది. 2024లో పట్టా రాగానే ఆదాయాన్ని బట్టి కట్టే పద్ధతుల్లో అప్పట్లో అందరూ మంచిదన్న సేవ్ అనే దానికి దరఖాస్తు చేశాను. ఆ వేసవిలోనే కోర్టులు దానిని నిలిపివేశాయి, మా ఖాతాలను వాయిదా కట్టనక్కరలేని స్థితిలో పెట్టేశారు. కట్టనక్కరలేదంటే మొదట హాయిగానే అనిపించింది. కాని ఆ నెలలేవీ ప్రభుత్వ సేవా రుణ మాఫీకి లెక్కలోకి రావని తర్వాత తెలిసింది. 2025 ఆగస్టు 1 నుంచి వడ్డీ కూడా మళ్ళీ మొదలైంది. ఆదాయాన్ని బట్టి కట్టే మరో పాత పద్ధతి ఐబీఆర్‌కు మారేసరికి ఏడాదికి పైగా పోయింది. చట్టంలో ఉన్నదాన్ని నమ్మండి. ఎవరో ఇస్తామన్న దానిని నమ్ముకుని నాలుగేళ్ళ లెక్క వేసుకోకండి.

డాక్టర్ శేషగిరిరావు, ఫ్యామిలీ మెడిసిన్ · ఏప్రిల్ 11

హరిణి గారు చెప్పినది చదువుతుంటే నా సంగతి గుర్తుకు వచ్చింది. నేను 2009లో మెడిసిన్ పూర్తి చేశాను, అప్పు 1,68,000 డాలర్లు, వడ్డీ 6.8 శాతం. రెసిడెన్సీలో చేరిన మొదటి నెలలో రుణ ఖాతాను చూసే సంస్థకు ఫోన్ చేసి నా జీతంతో ఇంత వాయిదా కట్టలేనని చెబితే, అవతల మాట్లాడినవారు ఎంతో మర్యాదగా "ఫోర్‌బేరెన్స్ పెడతాం, మూడేళ్ళు ఏమీ కట్టనక్కరలేదు" అన్నారు. ఆదాయాన్ని బట్టి కట్టే ఐబీఆర్ పద్ధతి ఆ జూలైలోనే అమలులోకి వచ్చిందన్న మాట వారు చెప్పలేదు, నాకు అడగడం తెలియలేదు. మూడేళ్ళు తిరిగేసరికి అప్పు 2,02,000 దాటింది. ఆ మూడేళ్ళూ నేను పనిచేసింది లాభాపేక్ష లేని ఆసుపత్రిలోనే. నెలకు రెండు మూడు వందలు కట్టి ఉంటే 36 నెలలు మాఫీ లెక్కలో పడేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ 36 నెలల కోసం ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్కలేదు. ఫోర్‌బేరెన్స్ అన్న మాట వినబడితే ఫోన్ పెట్టేసి ముందు చదువుకోమని నా దగ్గరకు వచ్చే ప్రతి రెసిడెంటుకూ చెబుతాను.

ఆ మాఫీ గురించి ఇక్కడ ఎవరూ పూర్తిగా చెప్పలేదు. 2007 చట్టంతో వచ్చిన ఆ పథకంలో ప్రభుత్వ సంస్థలో గాని, లాభాపేక్ష లేని సంస్థలో గాని పూర్తికాలం పనిచేస్తూ, అర్హమైన పద్ధతిలో 120 నెలల వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు రద్దవుతుంది. ఆ మొత్తం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. నెలలు వరుసగా ఉండనక్కరలేదు. రెసిడెన్సీ నడిపే ఆసుపత్రుల్లో ఎక్కువ భాగం లాభాపేక్ష లేనివే కనుక ఆ సంవత్సరాలు కూడా లెక్కలోకి వస్తాయి. కొత్త పద్ధతి కింద కట్టే వాయిదాలూ అర్హమైనవే. చిక్కల్లా రెసిడెన్సీ తర్వాత వస్తుంది. ఆసుపత్రి లాభాపేక్ష లేనిదైనా, మీ జీతం ఇచ్చేది దానితో ఒప్పందం ఉన్న ప్రైవేటు వైద్యుల బృందం అయితే చాలా రాష్ట్రాల్లో ఆ నెలలు చెల్లవు. కాలిఫోర్నియా, టెక్సాస్ రాష్ట్రాల్లో అటువంటి ఆసుపత్రులు డాక్టర్లను నేరుగా నియమించుకోవడానికి చట్టం అడ్డు వస్తుంది కాబట్టి, 2023 జూలై నుంచి అక్కడివారికి మినహాయింపు ఇచ్చారు. ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు జీతం చెక్కు మీద ఎవరి పేరు ఉంటుందో అడగాలి.

మోహన్ కుమార్ · ఏప్రిల్ 11

శేషగిరిరావు గారి మాటను మీ అమ్మాయికి అన్వయించి చూద్దాం. ఫెడరల్ అప్పు వడ్డీతో కలిపి సుమారు 2,39,000 అనుకుందాం. నాలుగో ఏడాది విద్యార్థిగా ఆదాయం లేదని పన్ను రిటర్ను దాఖలు చేస్తే రెసిడెన్సీ మొదటి ఏడాది నెలకు 10 డాలర్ల వాయిదాతో గడుస్తుంది. తర్వాత 65,000 జీతం మీద 6 శాతం అంటే నెలకు 325. నెల వడ్డీయేమో 1,323. వాయిదా పోగా తీరని ఆ వడ్డీని కొత్త పద్ధతిలో ప్రభుత్వం వదిలేస్తుంది కాబట్టి, వాయిదా తప్పకుండా సమయానికి కడితే రెసిడెన్సీలో అప్పు పెరగదు. పాత పద్ధతుల్లో చాలామందిని కుంగదీసింది ఈ పెరుగుదలే కనుక, కొత్త చట్టంలో నాకు నిజంగా నచ్చిన అంశం ఇది.

మూడేళ్ళ రెసిడెన్సీ తర్వాత 2,50,000 జీతంతో లాభాపేక్ష లేని ఆసుపత్రిలో ఏడేళ్ళు పనిచేస్తే ఏడాదికి 25,000 చొప్పున కడుతుంది. పదేళ్ళలో ఆమె కట్టేది మొత్తం సుమారు 1,83,000. రద్దయ్యేది సుమారు 1,75,000. పెళ్ళయితే భార్యాభర్తలు పన్ను విడివిడిగా దాఖలు చేస్తే తప్ప ఇద్దరి ఆదాయమూ లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోవాలి. ఇక ఆ 74,000 ప్రైవేటు రుణానికి వాయిదా ఆదాయాన్ని బట్టి మారదు, మాఫీ లేదు. 8 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 5,920 డాలర్లు. తల్లిదండ్రులు హామీ సంతకం పెట్టాల్సి వస్తే ఆ అప్పు మీ పేరున కూడా ఉన్నట్టే, మీ ఇంటి రుణానికీ అది అడ్డు రావచ్చు.

వంశీధర్ · ఏప్రిల్ 12

వాయిదా పరిమితి విషయంలో నేను పొరబడ్డాను, సరిచేసినందుకు ధన్యవాదాలు. స్పెషాలిటీ మారవచ్చన్న మాట మీద మాత్రం ఇంకా నిలబడతాను. అయితే ప్రైవేటు రుణం ఆ స్వేచ్ఛనే తగ్గిస్తుందన్నది నేను ఆలోచించలేదు. పిల్లల వైద్యం చేయాలనుకున్నవారు అప్పు తీరదేమోనన్న భయంతో వేరే దారి పట్టడం నాకు తెలిసినవారిలోనే జరిగింది.

ప్రణవ్, మెడిసిన్ రెండో ఏడాది · ఏప్రిల్ 13

పరిమితి గురించి మా క్లాసులో చాలామంది గమనించని చిక్కు ఒకటి చెబుతాను. 50,000 చొప్పున నాలుగేళ్ళు తీసుకుంటే సరిగ్గా 2 లక్షలు అవుతుంది, అంటే ఐదో ఏడాదికి ఒక్క డాలరు కూడా మిగలదు. ఒక ఏడాది మళ్ళీ చదవాల్సి వచ్చినా, డాక్టరు లైసెన్సుకు రాయాల్సిన స్టెప్ పరీక్ష కోసం ఆగినా, ఇష్టపడి పరిశోధనకు ఒక ఏడాది తీసుకున్నా ఆ ఖర్చు పూర్తిగా సొంతంగా భరించాలి. మెడిసిన్‌కు ముందు ఫెడరల్ రుణంతో మాస్టర్స్ చేసినవారికి ఆ అప్పు కూడా ఈ 2 లక్షల్లోంచే తీసేస్తారు. నేను 2024లో చేరి గ్రాడ్ ప్లస్ తీసుకున్నాను కాబట్టి, 2026 జూలైకి ముందే ఈ కోర్సు కోసం అప్పు తీసుకున్నవారికి ఇచ్చిన మినహాయింపు కింద మిగిలిన రెండేళ్ళూ పాత పద్ధతే నడుస్తుంది. ఆ గడువు గరిష్ఠంగా మూడేళ్ళు. 2026 జూలై తర్వాత చేరే బ్యాచికి ఆ వెసులుబాటు లేదు.

లక్ష్మీప్రసన్న · ఏప్రిల్ 13

మా అబ్బాయి హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్నాడు, ఐదేళ్ళ వయసు నుంచి ఇక్కడే చదివాడు. ఇంకో రెండేళ్ళలో మెడిసిన్‌కు దరఖాస్తు చేయాలి. ఈ చర్చలో చెప్పిన 50,000 మా వాడికి వర్తిస్తుందా?

మోహన్ కుమార్ · ఏప్రిల్ 13

లక్ష్మీప్రసన్న గారూ, వర్తించదు. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. ఫెడరల్ రుణాలు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, శరణార్థుల వంటి కొన్ని వర్గాలకు మాత్రమే. హెచ్-4 పిల్లలను చాలా ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళు అసలు పరిశీలించవు. తీసుకునే ప్రైవేటు స్కూళ్ళలో కొన్ని ఒక ఏడాది ఖర్చునో, నాలుగేళ్ళ ఖర్చునో ముందే చూపించమంటాయి లేదా ప్రత్యేక ఖాతాలో జమ చేయమంటాయి. ప్రైవేటు రుణానికి పౌరసత్వం గాని, గ్రీన్‌కార్డు గాని ఉన్నవారి హామీ సంతకం సాధారణంగా అడుగుతారు. అబ్బాయికి 21 నిండితే హెచ్-4 కూడా ఉండదు, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. చదువు మధ్యలో గ్రీన్‌కార్డు వస్తే అప్పటి నుంచి ఫెడరల్ రుణానికి అర్హత వస్తుంది. దరఖాస్తుకు ముందే ఒక్కో స్కూలుకూ విడిగా ఉత్తరం రాసి జవాబు కాగితం మీద తీసుకోండి.

లక్ష్మీప్రసన్న · ఏప్రిల్ 14

నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు. వాడికి ఈ ఆదివారం కూర్చోబెట్టి చెబుతాం. ఇంతకాలం దాచి తప్పు చేశామేమో అనిపిస్తోంది.

అరవింద్ · ఏప్రిల్ 15

ట్యూషన్ లేని స్కూళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయం 2018లో తన మెడికల్ విద్యార్థులందరికీ ట్యూషన్ తీసేసింది. బ్రాంక్స్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కాలేజీకి 2024 ఫిబ్రవరిలో రూత్ గాట్స్‌మన్ వంద కోట్ల డాలర్లు ఇవ్వడంతో అక్కడా అంతే. అదే ఏడాది జూలైలో బ్లూమ్‌బెర్గ్ విరాళంతో జాన్స్ హాప్‌కిన్స్‌లో 3 లక్షల డాలర్ల లోపు కుటుంబ ఆదాయం ఉన్నవారికి ట్యూషన్ రద్దయింది. సైన్యం ఇచ్చే హెచ్‌పీఎస్‌పీ స్కాలర్‌షిప్ మొత్తం ట్యూషన్‌తో పాటు నెలనెలా భత్యం ఇస్తుంది, బదులుగా డాక్టరుగా సేవ చేయాలి. నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ కూడా అటువంటిదే: ప్రాథమిక వైద్యంలోకి వెళ్తామని ముందే మాట ఇచ్చినవారికి స్కూలు ఖర్చు భరించి, డాక్టర్ల కొరత ఉన్న చోట్ల పనిచేయిస్తుంది.

డాక్టర్ శేషగిరిరావు, ఫ్యామిలీ మెడిసిన్ · ఏప్రిల్ 15

అరవింద్ గారు చెప్పిన స్కూళ్ళు వందలో కొన్ని మాత్రమే, అక్కడ సీటు వస్తుందని నమ్ముకుని ఏ కుటుంబమూ లెక్క వేసుకోలేదు. నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ మాత్రం సుధారాణి గారి అమ్మాయి తప్పక చూడవలసినది, ఆమె కోరిక దానికి సరిగ్గా సరిపోతుంది. అయితే 22 ఏళ్ళ వయసులో ఇచ్చిన మాట 29 ఏళ్ళప్పుడు నిలబెట్టుకోవాలి. మధ్యలో మనసు మార్చుకుంటే వాళ్ళు ఇచ్చినదానికి మూడు రెట్ల దాకా తిరిగి కట్టమంటారు. పూర్తి నిశ్చయం ఉంటేనే సంతకం పెట్టాలి.

ఇంకొక మాట. పిల్లల కోసం మీ రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కెను ఖాళీ చేయకండి. ఆమెకు ముందు ముప్పై ఏళ్ళ సంపాదన ఉంది, మీకు లేదు.

సుధారాణి · ఏప్రిల్ 27

అందరికీ కృతజ్ఞతలు. ఈ రెండు వారాల్లో చాలా జరిగింది. గ్రాంటు పెంచగలరేమోనని అమ్మాయి ప్రైవేటు స్కూలుకు మర్యాదగా ఉత్తరం రాసింది. ఈ ఏడాది అందరి నుంచీ ఇదే అడుగుతున్నారని, మరో 3,000 మాత్రమే ఇవ్వగలమని జవాబు వచ్చింది. హరిణి గారు చెప్పిన రోజుకు 43 డాలర్ల అంకెను ఆమె తన పుస్తకంలో రాసుకుంది. నిన్న రాత్రి నా దగ్గర కూర్చుని, "అమ్మా, నేను పిల్లల డాక్టరునే అవుతానని ఇప్పుడు చెప్పలేను, కాని అవ్వాలనుకుంటే అప్పు నన్ను ఆపకూడదు" అంది. ప్రభుత్వ స్కూలుకే చేరతానని తెలియజేసింది. మిగిలే 6,000 డాలర్లను స్టెప్ పరీక్షలకు, ఫీజులు పెరిగితే అందుకు, రెసిడెన్సీకి వేరే ఊరు మారే ఖర్చుకు పక్కన పెట్టాం. ఆ తరలింపు ఖర్చు స్కూలు లెక్కలో ఉండదని ఎయిడ్ ఆఫీసువారే చెప్పారు.

ఒక చిన్న సందేహం మిగిలింది. రుణ పత్రంలో మొదటి సెమిస్టరుకు 25,000 అని ఉంది, కాని స్కూలు ఖాతాలో పడేది 24,735 అని చూపిస్తోంది. ఏదైనా పొరపాటా?

హరిణి, ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెంట్ · ఏప్రిల్ 27

పొరపాటు కాదండీ. ఫెడరల్ ప్రభుత్వం రుణం ఇచ్చేటప్పుడే 1.057 శాతం ఫీజుగా పట్టుకుంటుంది, 25,000 మీద అది 264 డాలర్ల పైచిలుకు. వడ్డీ మాత్రం పూర్తి 25,000 మీద పడుతుంది. రేటు మారకపోతే రెండో సెమిస్టరుకూ అంతే పోతుంది కనుక, ఆ రెండూ కలిపి ఏడాదికి సుమారు 530 డాలర్లను మీరు పక్కన పెట్టిన 6,000లోంచి ఇప్పుడే తీసి ఉంచండి.